కజాన్ పాత తాతారు పేట: ఒక్క రోజులో ఎంత నడవాలి, ఎక్కడ ఆగాలి

మీరు అడిగినది ఇదీ: మీ అబ్బాయి రష్యాలోని కజాన్‌లో వైద్యవిద్య మూడో సంవత్సరం. జూన్‌లో మీరు దంపతులిద్దరూ వెళ్తున్నారు. పాత తాతారు పేటకు ఒక రోజు పెట్టుకున్నారు. అక్కడ చాలా మసీదులున్నాయట, అన్నీ చూడగలమా, హిందువులం కదా లోపలికి రానిస్తారా, ఆవిడకు మోకాళ్ల నొప్పి, ఎంత నడవాలి?

అన్నీ చూడకండి. నేను ఆ ఊళ్లో ఏడేళ్లు ఉన్నాను. చదువుతున్న రోజుల్లో తోటి తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులు ఎవరొచ్చినా పేట చూపించే పని నా మీదే పడేది. మొదటిసారి ఒక పెద్దాయన్ను, ఆయన భార్యను జాబితా పట్టుకుని ఒకే పూటలో ఎనిమిది మసీదులు తిప్పాను. సాయంత్రం ఏమేం చూశారని అబ్బాయి అడిగితే, "చెప్పులు విప్పాం, తొడుక్కున్నాం" అన్నారావిడ. అప్పటినుంచి రెండు మసీదులు లోపలికి, మరో రెండు మూడు బయటినుంచి, మిగతా సమయమంతా వీధులకు అని లెక్క పెట్టుకున్నాను. మీకూ అదే చెబుతాను.

ముందు ఆ పేట అక్కడ ఎందుకు ఉందో తెలియాలి. తెలియకపోతే రంగులేసిన చెక్క ఇళ్లు, వాటి మధ్య మినార్లు, అంతే. 1552 అక్టోబరులో రష్యా చక్రవర్తి ఇవాన్ ద టెరిబుల్ సైన్యం కజాన్ కోటను పట్టుకుంది. కజాన్ ఖానేట్ అనే తాతారు రాజ్యం ఆ రోజుతో పోయింది. కోటలో, దాని చుట్టూ ఉన్న ఊళ్లో తాతార్లను, అంటే అక్కడి ముస్లిం జాతివాళ్లను, ఉండనివ్వలేదు. వాళ్లు బులాక్ అనే కాలువ దాటి, కబాన్ సరస్సు ఒడ్డున ఇళ్లు వేసుకున్నారు. రష్యన్‌లో దాని పేరు స్తారో తతార్‌స్కయా స్లబదా. స్లబదా అంటే కోట బయటి పేట. మన ఊళ్లలో కోటకు బయట పేట ఉంటుంది చూడండి, సరిగ్గా అదే మాట. కాబట్టి మీరు నడవబోయేది ఊరి నడిబొడ్డున ఉన్నట్టు కనిపించే, ఒకప్పుడు ఊరి బయటికి నెట్టిన జనం కట్టుకున్న చోటు. బులాక్ కాలువ ఇవాళ కూడా ఉంది. దాని మీద వంతెన దాటేటప్పుడు ఒక్క నిమిషం ఆగి రెండు వైపులా చూడండి. చాలాకాలం ఇటు రష్యన్లు, అటు తాతార్లు.

నడక ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, మెట్రోలో గబ్దుల్లా తుకాయ్ స్క్వేర్ స్టేషన్‌లో దిగండి. కజాన్ మెట్రో 2005లో, ఊరి వెయ్యేళ్ల ఉత్సవాలప్పుడు తెరిచారు. ఈ స్టేషన్ గోడల మీద తాతారు కవి తుకాయ్ రాసిన కథల్లోని బొమ్మలు గాజు రాళ్లతో చేసి పెట్టారు. రైలు దిగగానే పైకి పరుగెత్తకుండా వాటిని చూడండి, ఆయన పేరు రోజంతా వింటారు. పైకొచ్చాక సరస్సు వైపు పది పదిహేను నిమిషాల నడక. మోకాళ్ల నొప్పి ఉన్నా ఇబ్బంది లేదు, అంతా చదును. సరస్సు గట్టు మీద మంచి బెంచీలున్నాయి. కజాన్ ఖాన్ తన ఖజానా అంతా ఈ కబాన్ నీళ్లలో దాచేశాడని ఊరంతా చెప్పే కథ. ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు.

గట్టు నుంచి లోపలికి తిరిగితే ఖయూమ్ నసీరి వీధి. మొదట వెళ్లాల్సింది మర్జానీ మసీదు. నిజానికి ఆ రోజు ఇదొక్కటి సరిగ్గా చూసినా మీ ప్రయాణానికి న్యాయం చేసినట్టే. కోటలోని కుల్ షరీఫ్ మసీదు ఫొటోలకు బాగుంటుంది, చూడండి, తప్పులేదు. కానీ అది 2005లో తెరిచిన కట్టడం. మర్జానీ 1770లో పూర్తయింది.

ఆ తేదీ వెనక ఉన్న సంగతి వినండి. 1740ల్లో రష్యన్ ప్రభుత్వం, చర్చి కలిసి కజాన్ ప్రాంతంలో ఉన్న 536 మసీదుల్లో 418 కూల్చేశాయి. ఆ తర్వాత పాతికేళ్లకు, 1767లో, మహారాణి రెండో కేథరిన్ ఓల్గా నది మీదుగా కజాన్ వచ్చింది. తాతారు పెద్దలు ఆమెను కలిసి రాతి మసీదు కట్టుకోనివ్వమని అడిగారు. ఆమె ఒప్పుకుంది. కజాన్ కోట పడిన తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక వాళ్లు కట్టుకున్న మొదటి రాతి మసీదు ఇది. డబ్బు పేట జనం వేసుకున్న చందాలే. మినారు మరీ ఎత్తుగా కడుతున్నారని ఊరి అధికారులు ఫిర్యాదు చేస్తే, నేల మీద చోటు నేనిచ్చాను, ఆకాశం నా ఏలుబడిలోది కాదు, వాళ్ల ఇష్టం అని కేథరిన్ జవాబిచ్చిందని కథ. చరిత్రకారులు దీన్ని కథ కిందే లెక్కేస్తారు. పేటలో మాత్రం ఎవరినడిగినా ప్రత్యక్షంగా విన్నట్టే చెబుతారు.

బయటినుంచి చూస్తే మసీదు అని వెంటనే తట్టకపోవచ్చు. రెండంతస్తుల తెల్లని భవనం, కిటికీల చుట్టూ ఆ కాలం రష్యన్ రాజభవనాల్లో ఉండే బరోక్ అలంకరణ, ఆకుపచ్చ పైకప్పు. ఆ కప్పు మధ్యలోంచి మూడంచెల మినారు లేస్తుంది. చార్మినార్, మక్కా మసీదు చూసిన కళ్లకు ఇది వింతగా ఉంటుంది. మన దగ్గర మినార్లు మూలల్లోనో, పక్కనో నేలనుంచి లేస్తాయి. ఇక్కడ ఇంటి నడికప్పు మీద నిలబడింది. దాని బరువంతా లోపల రెండు హాళ్ల మధ్య ఉన్న మందపాటి గోడ మోస్తుంది. మినారు పైకి వెళ్లే మెట్లు కూడా ఆ గోడలోనే. కట్టించింది వసీలీ కఫ్తిరెవ్ అనే రష్యన్ వాస్తుశిల్పి అని చెబుతారు. 1768లో కజాన్ ఊరికి తిన్నని వీధులతో ప్రణాళిక గీసినవాడూ ఆయనే. లోపల పైకప్పు మీద సున్నపు పూలు, బంగారు పూత. దగ్గరగా చూస్తే బరోక్ తీగల మధ్య తాతారు ఆడవాళ్లు బట్టల మీద కుట్టే తులిప్ పూలు కనిపిస్తాయి. రష్యన్ మేస్త్రి గీసినదాన్ని తాతారు పనివాళ్లు తమ చేతివాటానికి తిప్పుకున్నారని నాకనిపిస్తుంది. నమాజు హాళ్లు పై అంతస్తులో ఉన్నాయి, మెట్లెక్కాలి. ఆవిడకు అది కాస్త కష్టం, తొందరపెట్టకండి.

ఇంకొక విషయం మీ అంతట మీరే గమనిస్తారేమో చూడండి. మన హైదరాబాద్ మసీదుల్లో నమాజు చేసేవాళ్లు పడమరకు తిరుగుతారు. కజాన్ నుంచి మక్కా దక్షిణాన ఉంది. అందుకని ఇక్కడి మసీదులన్నీ ఉత్తర దక్షిణాలుగా సాగి ఉంటాయి, మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గూడు) ఉన్న భాగం దక్షిణపు గోడ దాటి బయటికి పొడుచుకొస్తుంది. ఇది పట్టుకుంటే పేటలో దిక్కు తప్పరు. ఫోనులో పటం పనిచేయనప్పుడు నాకు చాలాసార్లు దారి చూపించింది ఆ పొడుచుకొచ్చిన గోడే.

మసీదుకు పేరు తెచ్చిన షిహాబుద్దీన్ మర్జానీ 1818లో పుట్టి 1889లో పోయాడు. బుఖారా, సమర్‌ఖండ్‌లలో చదువుకుని వచ్చి 1850 నుంచి ఇక్కడ ఇమామ్‌గా ఉన్నాడు. ఆయన మతపండితుడు మాత్రమే అయితే ఇంతసేపు చెప్పను. తన జాతి చరిత్రను తన భాషలో రాశాడు. అప్పటికి చాలామంది తమను తాతార్లమని చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు, ముస్లింలం అని మాత్రమే అనేవారు. రష్యన్ల నోట అది తిట్టు మాట. మీరు అరబ్బులు కారు, రష్యన్లు కారు, మరి తాతార్లు కాకపోతే ఎవరు అని ఆయన నిలదీశాడు. మసీదును ఏళ్ల తరబడి పోషించిన యూనుసోవ్ అనే వ్యాపారుల కుటుంబంతో ఆయనకు పడేది కాదు. డబ్బిచ్చేవాడు తన మదరసాలో వేలు పెట్టడం ఆయనకు గిట్టదు. ఇప్పుడు చూడండి, ఒకప్పుడు యూనుసోవ్ మసీదు అని పిలిచినదాన్ని ఊరంతా మర్జానీ మసీదు అంటుంది. సోవియట్ కాలంలో కజాన్‌లో మూతపడకుండా నిలిచిన మసీదు ఇదొక్కటే.

లోపలికి రానిస్తారా అన్నారు. రానిస్తారు, ఏ మతం అని ఎవరూ అడగరు. ఆవిడ తల మీద చున్నీ గానీ కొంగు గానీ కప్పుకుంటే చాలు. చీర కట్టుకుంటే చేతులు కనిపించకుండా శాలువా వేసుకోమనండి, ఇంకేమీ అక్కర్లేదు. కండువాలూ, పొడవాటి అంగీలూ గుమ్మం దగ్గర పెట్టి ఉంచుతారు. మీరు నిక్కరు వేసుకోకండి. చెప్పులు విప్పాక మేజోళ్లతో నడవండి, జూన్‌లో కూడా రాతి మెట్లు చల్లగా ఉంటాయి. నమాజు చేసుకుంటున్నవాళ్ల ముందునుంచి దాటి వెళ్లకూడదు, వెనకనుంచి వెళ్లాలి. ఫొటో తీసే ముందు అక్కడ కూర్చున్నవాళ్లను చూసి తల ఊపండి, వాళ్లు ఊపితే తీయండి. శుక్రవారం పన్నెండు నుంచి రెండు దాకా వెళ్లకండి. ఒకసారి మా నాన్నను తీసుకుని సరిగ్గా ఆ సమయానికే వెళ్లాను. జనవరి నెల, సరస్సు గడ్డకట్టి దాని మీదనుంచి గాలి వీస్తోంది. వీధంతా నమాజుకొచ్చిన జనం. నలభై నిమిషాలు బయట నిలబడ్డాం. నాన్న ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడింది తక్కువ.

అదే వీధిలో ఇంకాస్త ముందుకు వెళ్తే అపనాయెవ్ మసీదు. 1771లో పూర్తయింది, మర్జానీకి చెల్లెలు లాంటిది. పాత లెక్కలో మర్జానీ మొదటి జామా మసీదు, ఇది రెండోది. దీని కథ మాత్రం వేరు. 1930లో మూసేశారు, మినారు కూల్చేశారు, లోపల అంతస్తులు వేసి పిల్లల బడి పెట్టారు. ఇప్పుడు మీకు కనిపించే మినారు తిరిగి కట్టినది. బాగా కట్టారు. కానీ మర్జానీ చూసి వచ్చిన వెంటనే దీన్ని చూస్తే, రెంటి గోడలకూ ఉన్న తేడా వేలితో తాకినంత తెలుస్తుంది. ఒకటి రెండున్నర వందల ఏళ్లుగా మనుషుల భుజాలు రాసుకుపోయిన గోడ, ఇంకొకటి మరమ్మతు చేసిన గోడ. నేను పేటలో ఏ మినారు దగ్గరైనా మొదట వేసే ప్రశ్న ఇదే: ఇది అప్పటిదా, మళ్లీ పెట్టిందా? చాలావాటికి జవాబు రెండోదే.

ఇళ్ల సంగతీ అంతే. పేటలో పచ్చ, పసుపు, నీలం రంగుల చెక్క ఇళ్లు, రాతి ఇళ్లు, చెక్కిన కిటికీ చట్రాలు చూస్తారు. కొన్ని నిజంగా పందొమ్మిదో శతాబ్దంవి. కొన్నింటిని ఈమధ్య ఎంత శుభ్రంగా బాగుచేశారంటే, నాటకానికి కట్టిన తెరల్లా ఉంటాయి. నాకు నచ్చదు, కూలిపోవడం కన్నా నయమని సర్దుకుంటాను. ముందు వీధి కేసి కాకుండా పక్క సందుల్లోకి తొంగి చూడండి. పాత తాతారు ఇల్లు పెరట్లో లోపలికి జరిగి ఉండేది, వీధివైపు ఎత్తైన కంచె, గేటు. ఇంట్లో ఆడవాళ్ల వాకిలి వేరు, మగవాళ్ల వాకిలి వేరు. ప్రభుత్వం తిన్నని వీధులు గీశాక వ్యాపారులు వీధి ముఖాన రాతి మేడలు కట్టారు గానీ, లోపలి అమరిక చాలాకాలం మార్చుకోలేదు. ఆ మేడలన్నీ తోలు, సబ్బు, బట్టల వ్యాపారం కట్టించినవి. ఇక్కడ రంగు రంగుల తోలు ముక్కలు కుట్టి చేసే బూట్లకు ఇచిగీ అని పేరు. దుకాణాల్లో చూస్తారు, ధర వింటే కొనరు.

పారిస్ కమ్యూన్ వీధిలో ఖయూమ్ నసీరి ఇల్లు ఉంది, ఇప్పుడు చిన్న మ్యూజియం. నసీరి 1825 నుంచి 1902 దాకా బతికాడు. వ్యాకరణం, లెక్కలు, భూగోళం అన్నీ తాతారు భాషలోకి తెచ్చి, 1871 నుంచి ఏటేటా పంచాంగం లాంటి కేలండరు అచ్చేయించాడు. పేదవాడిగానే పోయాడు. అక్కడి పుస్తకాలన్నీ అరబ్బీ లిపిలో ఉంటాయి. అవి చూస్తుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: తాతారు భాషకు 1920ల చివర్లో అరబ్బీ లిపి తీసేసి లాటిన్ లిపి పెట్టారు, 1939లో లాటిన్ తీసేసి రష్యన్ లిపి పెట్టారు. పుష్కరం తిరక్కుండా రెండుసార్లు. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేని పరిస్థితి. మ్యూజియంలో నా పక్కన నిలబడ్డ తాతారు కుర్రాడికి ఆ పుస్తకంలో ఒక్క అక్షరం రాదు. ఉర్దూ తెలిసిన మా హైదరాబాదీ మిత్రుడు మాటలు కూడబలుక్కుని చదివి వినిపించాడు, ఆ కుర్రాడు అర్థం చెప్పాడు. కితాబ్, దునియా, వక్త్, ఖబర్ లాంటి మాటలు కాస్త ఉచ్చారణ తేడాతో వాళ్లకూ ఉన్నాయి. ధన్యవాదాలు చెప్పాలంటే "రహ్మెత్" అనండి, ముఖం వెలిగిపోతుంది.

ఇక తుకాయ్ వీధి. ఇక్కడ బురుజులు, గోపురాలతో చిన్న కోటలా ఉన్న ఇల్లు షమీల్ ఇల్లు. ఇప్పుడు గబ్దుల్లా తుకాయ్ సాహిత్య మ్యూజియం, 1986లో తెరిచారు. నేను రెండేళ్లపాటు వచ్చినవాళ్లందరికీ "తుకాయ్ ఇక్కడే ఉండేవాడు" అని ధీమాగా చెప్పాను. ఒకరోజు మ్యూజియంలో కూర్చునే పెద్దావిడ నా మాటల్లో తుకాయ్ పేరు విని, విషయం కనుక్కుని, నవ్వు ఆపుకోలేకపోయింది. తుకాయ్ ఈ ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండలేదు. ఆయన హోటల్ గదుల్లో అద్దెకుండేవాడు, 1913లో ఇరవై ఏడో ఏట పోయాడు. ఈ ఇల్లు అపాకోవ్ అనే వ్యాపారి 1863లో కట్టించింది. 1884లో ఆయన కూతుర్ని కాకసస్ కొండల్లో రష్యాతో పాతికేళ్లు పోరాడిన ఇమామ్ షమీల్ కొడుకు ముహమ్మద్ షఫీ పెళ్లి చేసుకున్నాడు, ఇల్లు ఆమెకు కట్నంగా వచ్చింది. తండ్రి రష్యన్ సైన్యం మీద పోరాడితే, కొడుకు అదే సైన్యంలో జనరల్ అయ్యాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అగ్నిప్రమాదం జరిగాక తిరిగి కట్టినప్పుడే ఆ బురుజులు వచ్చాయి. లోపల రష్యన్, తాతారు రాని వాళ్లకు వివరాలు పెద్దగా అందవు, మీ అబ్బాయిని చదివి చెప్పమనండి.

అదే వీధిలో గలీవ్ మసీదు, దాని పక్కన ముహమ్మదియా మదరసా. గలింజాన్ బరూదీ 1882లో పెట్టిన బడి. మతంతో పాటు లెక్కలు, భూగోళం, రష్యన్ భాష నేర్పేవారు. పిల్లలకు అక్షరాలను ధ్వని పట్టించి చదివించే కొత్త పద్ధతిని జదీద్ అనేవారు, బట్టీ పద్ధతివాళ్లను కదీమ్‌లు అనేవారు, ఇద్దరికీ ఘోరమైన గొడవలు. బరూదీని 1908లో ప్రభుత్వం ఊరినుంచి పంపేసింది, 1917లో ఆయనే ముఫ్తీగా ఎన్నికయ్యాడు. బడి 1918లో మూతపడి 1993లో మళ్లీ తెరుచుకుంది. బయటినుంచి చూస్తే చాలు, లోపల పిల్లలు చదువుకుంటుంటారు.

ఇక్కడికి ఆకలేస్తుంది. ఎచ్‌పొచ్‌మక్ అంటే "మూడు మూలలు". సమోసాలా కనిపిస్తుంది గానీ వేయించరు, పొయ్యిలో కాలుస్తారు. లోపల పచ్చి మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ పెట్టి మూస్తారు, లోపలే ఉడుకుతుంది. మీరు శాకాహారులైతే కిస్తిబీ అడగండి: పలుచటి రొట్టె మధ్య వెన్న కలిపిన బంగాళాదుంప ముద్ద. మా అమ్మ మూడు రోజులు దాని మీదే బతికింది, దానికి తోడు వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడి. టీ పాలతోనే ఇస్తారు, ఆ ఒక్క విషయంలో రష్యాలో మనకు సొంతూరు ఇదే. చక్‌చక్ మన బూందీ అచ్చుకు అన్న, పిండి ముక్కలు వేయించి తేనె పాకంలో పోగేస్తారు. పారిస్ కమ్యూన్ వీధిలో దానికొక మ్యూజియమే ఉంది, టీ పోసి తినిపిస్తూ చెబుతారు. ముందుగా వేళ అడిగి వెళ్లండి.

భోజనమయ్యాక ఆవిడ అలసిపోతే అక్కడితో ఆపేయండి. ఓపిక ఉంటే టాక్సీలో అజీమోవ్ మసీదుకు వెళ్లండి, నడవకండి. దారిలో పాత కర్మాగారాల గోడలు తప్ప ఏమీ లేదు. 1890లో పూర్తయిన మసీదు, 51 మీటర్ల మినారు, రంగుటద్దాల కిటికీలు. ఇక్కడ మినారు కప్పు మధ్యనుంచి కాకుండా గుమ్మం మీదనుంచి లేస్తుంది. మర్జానీకీ దీనికీ నూట ఇరవై ఏళ్ల దూరం, అంతలో మేస్త్రీల చూపు బరోక్ నుంచి తూర్పు దేశాల అలంకరణల వైపు తిరిగింది. సాయంత్రపు ఎండ పడమటి కిటికీల్లోంచి పడినప్పుడు చూడాలి. నీలి మసీదు, బుర్నాయెవ్ మసీదు వదిలేయండి. చెడ్డవని కాదు, ఒక రోజుకు ఎక్కువ.

జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది, కనుక చివరికి మళ్లీ సరస్సు గట్టుకు రండి. అవతలి ఒడ్డున ఎర్ర ఇటుక మసీదు ఒకటి కనిపిస్తుంది, జకబాన్నయా. అంటే కబాన్ అవతలిది. 922లో బాగ్దాద్ నుంచి ఖలీఫా రాయబారులు వచ్చినప్పుడు తాతార్లు తమ పూర్వీకులుగా చెప్పుకునే ఓల్గా తీరపు బల్గార్లు ఇస్లాం స్వీకరించి వెయ్యేళ్లయిన గుర్తుగా దీన్ని తలపెట్టారు. కట్టింది 1924 నుంచి 1926 వరకు, అంటే సోవియట్ ప్రభుత్వం వచ్చాక. కజాన్‌లో ఆ కాలంలో కట్టిన మసీదు అదొక్కటే. నాలుగేళ్లు నడిచింది, 1930లో తాళం వేశారు, 1991లో తీశారు. దాని దగ్గరికి వెళ్లనక్కర్లేదు, బెంచీ మీద కూర్చుని నీళ్ల మీదుగా చూస్తే చాలు. దోమలుంటాయి, ఏదైనా రాసుకుని వెళ్లండి.

అబ్బాయిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పరీక్షలున్నాయంటాడు, నమ్మకండి, ఒక పూట పోతే ఏమీ కాదు. మూడేళ్లుగా ఆ ఊళ్లో ఉన్నా బులాక్ దాటి ఈ పేటలోకి వచ్చి ఉండడు. నేను మాత్రం నాలుగో ఏడు దాకా వచ్చానా ఏమిటి.